నాన్న మనసు తెలుసుకోవాలని సినిమా పెట్టాను

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. పదిహేనేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నాకు 27 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. నాతో చదివిన ముస్లిం అబ్బాయి, నేను మూడేళ్లుగా ఇష్టపడుతున్నాం. ఇంట్లో చెప్పే ధైర్యం లేక, పోయిన ఆదివారం టీవీలో హిందూ అమ్మాయి, ముస్లిం అబ్బాయి ప్రేమకథ ‘ఎన్ను నింటె మొయ్దీన్’ అనే మలయాళ సినిమా పెట్టాను. నాన్న మధ్యలోనే లేచి, ‘ఇట్లాంటోళ్లకు ఇట్లే కావాల’ అంటూ వెళ్లి పడుకున్నారు. అమ్మ చివరిదాకా చూసి ఏడ్చింది. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. మా కథా అంతేనా?

జవాబు: నాన్నగారికి పరీక్ష పెట్టారు, ప్రశ్న మాత్రం చెప్పలేదు. ఆయన తిట్టింది ఎక్కడో కేరళ అమ్మాయిని, మిమ్మల్ని కాదు. తెర మీది ప్రేమికులకు ఈల వేసి, సొంత కూతురి దగ్గరికొచ్చేసరికి తలుపు గడియ పెట్టినవాళ్లను చూశాను. సినిమాను తిట్టి, కూతురి పెళ్లికి వచ్చి కూర్చున్నవాళ్లనూ చూశాను. ఆ ఒక్క మాటను పట్టుకుని ఆయన్ను అంచనా వేయకండి. అలాగని ఒప్పుకుంటారని నేను చెప్పడం లేదు.

2015లో వచ్చిన ఆ సినిమాకు ఆధారం కోళికోడ్ జిల్లా ముక్కంలో నిజంగా జరిగిన కథే. మొయ్దీన్‌ను ప్రేమించిన కాంచనమాలను ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి గడప దాటనివ్వలేదు. ఉత్తరాలు దొరికినా ఎవరికీ అర్థం కాకూడదని ఇద్దరూ సొంతంగా ఒక లిపి తయారు చేసుకున్నారు. 1982లో మొయ్దీన్ ప్రాణం తీసింది నది. పడవ ప్రమాదంలో తోటివాళ్లను కాపాడబోయి పోయాడు. మీరు రోజూ మీ కాళ్ల మీద ఆఫీసుకెళ్తున్నారు, జీతం మీ చేతికే వస్తోంది. అప్పుడే ‘మా కథా అంతేనా’ అంటే నాకు కొంచెం కోపమొచ్చింది, ఏమీ అనుకోకండి.

మీ ఉత్తరంలో ఆ అబ్బాయి అమ్మానాన్నల ఊసే లేదు. వాళ్లకు తెలుసా? నిఖా చేసుకోవాలంటారా, మతం మారమంటారా? ముందు అతనితో ఇది తేల్చుకోండి. ఎవరూ మారనక్కర్లేకుండా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవచ్చు. మీలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇచ్చి, మరో 30 రోజులు ఆగాలి. ముగ్గురు సాక్షులు కావాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. మదనపల్లెవాళ్లకు చుట్టాలు లేని వీధి బెంగళూరులో ఉందా? నాన్నగారు ఈ సంగతి మూడోమనిషి నోట వింటే ఇక మాటలు సాగవు. నోటీసు కంటే ముందే మీరు చెప్పాలి.

అరిస్తే అరవనివ్వండి. నెల రోజులు పలకకపోయినా ఓర్చుకోండి. కానీ ఫోన్ లాక్కున్నా, చెయ్యి చేసుకున్నా, ఊరికి తీసుకెళ్తామని పట్టుబట్టినా 112కి ఫోన్ చేయడమే. ఇలాంటి జంటల రక్షణకు ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం ఉండాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. సర్టిఫికెట్లు, ఆధార్ ఇప్పుడే స్నేహితురాలి దగ్గర పెట్టండి.

ఇంతకీ అమ్మ ఎక్కడ ఏడ్చారు? మొయ్దీన్ పోయాక అతని తల్లి కాంచనమాలను కోడలిగా తన ఇంటికి తీసుకెళ్తుంది. అక్కడేనా? నాన్నగారు లేనప్పుడు, కూరగాయలు తరుగుతూ, ‘ఆ రోజు ఎందుకేడ్చావమ్మా’ అని అడగండి. సగం సంగతి ఆవిడకు ముందే తెలుసని నా అనుమానం.