ఎలక్ట్రాన్‌ను మధ్యలో వదిలేయకు

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. కణం శక్తిని ఎలా సంపాదించుకుంటుందో చెబుతూ నువ్వు పంపిన వ్యాసం ఆసాంతం చదివాను. నీకు ఓపిక ఉంది, మంచి భాష ఉంది. అందుకే మొహమాటం పెట్టుకోకుండా రాస్తున్నాను.

మొదటి పేరాలోనే ‘మైటోకాండ్రియా కణానికి పవర్‌హౌస్’ అన్నావు. టెన్త్ చదివిన ప్రతివాళ్లకీ అది నోటికొచ్చు. ‘ఆహారం శక్తిగా మారుతుంది’ అన్న మాటా అంతే. ఎలా మారుతుందన్నదే కదా అసలు ప్రశ్న! పొద్దున తిన్న ఇడ్లీలోంచి బయటపడ్డ ఎలక్ట్రాన్ ఎక్కడికి పోతుంది? దాని వెంటే చివరిదాకా వెళ్లు.

ఎన్ఏడీహెచ్ అనే అణువు ఎలక్ట్రాన్లను జంటగా మోసుకొచ్చి, మైటోకాండ్రియా లోపలి పొరలో ఉన్న మొదటి ప్రోటీన్ సముదాయానికి అప్పజెబుతుంది. అక్కడి నుంచి యుబిక్వినోన్ అనే చిన్న అణువు, మూడో సముదాయం, సైటోక్రోమ్-సి అనే చిన్న ప్రోటీన్, నాలుగో సముదాయం... ఇలా అవి చేతులు మారుతూ పోతాయి. దారిలో వాటిని అందుకునేది చాలాచోట్ల ఇనుమే. ఎలక్ట్రాన్ చేరితే ఫెర్రస్, వదిలేస్తే ఫెర్రిక్. చివర్లో ఆక్సిజన్ అందుకుని నీరవుతుంది. మనం వాడుకునే ఆక్సిజన్‌లో చాలా భాగం ఖర్చయ్యేది ఇక్కడే. సైనైడ్ చేసే పని ఈ చివరి మెట్టును మూసేయడం. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు. ఈ సంగతి చెబితే ఊపిరి ఎందుకో పాఠకుడికి వేరే వివరించక్కర్లేదు.

నీ వ్యాసంలో పెద్ద లోటు ఇంకొకటుంది. పొర ఊసే లేదు. ఎలక్ట్రాన్ల నుంచి ఒక్క గెంతులో, కణం తన పనులకు ఖర్చు పెట్టుకునే శక్తి అణువైన ఏటీపీ దగ్గరికి వచ్చేశావు. ఆ రెంటికీ మధ్య ఏదో రసాయనం ఉండి తీరాలని 1950లలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఏళ్ల తరబడి వెతికారు. అది దొరకలేదు. 1961లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ పొరను చూడమన్నాడు. ఎలక్ట్రాన్లు మెట్టు మెట్టూ దిగుతుంటే ఆ ఊపుకి ప్రోటాన్లు పొర అవతలికి చేరతాయి, అవి తిరిగి లోపలికి రావాలని పెట్టే ఒత్తిడే ఏటీపీని చేయిస్తుంది అన్నాడు. చాలాకాలం ఎక్కువమంది నమ్మలేదు. 1978లో నోబెల్ వచ్చింది. పొర మందం ఐదారు నానోమీటర్లు, దాని రెండు వైపుల మధ్య వోల్టేజీ తేడా 150 నుంచి 200 మిల్లీవోల్టులు. వినడానికి చిన్న అంకెలే. లెక్కగడితే మీటరుకు దాదాపు 3 కోట్ల వోల్టులు! ఈ లెక్కను నీ వ్యాసంలో చేసి చూపించు.

పోలికలు మాత్రం మరీ ఎక్కువయ్యాయి. ఆనకట్ట ఒక్కటి ఉంచి మిగతావి కొట్టేయ్. అదీ ఏదో ఒక ఆనకట్ట అనకుండా శ్రీశైలం ఎడమగట్టు అని రాయి. అక్కడి టర్బైన్లు నీళ్లు దిగుతుంటే కరెంటు తీస్తాయి, కరెంటు ఇస్తే నీళ్లను తిరిగి పైకి తోడతాయి. పొరలో ఉండే ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమ్ సరిగ్గా అలాంటిదే. ప్రోటాన్లు దిగుతుంటే ఏటీపీ తయారు చేస్తుంది. ఆక్సిజన్ దొరకనప్పుడు కొన్ని బ్యాక్టీరియాల్లో అదే యంత్రం వెనక్కి తిరుగుతూ, ఏటీపీని ఖర్చు పెట్టి ప్రోటాన్లను బయటికి తోడుతుంది. అది తిరుగుతుందన్నది ఊహ కూడా కాదు. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ ఎంజైమ్ ముక్కను గాజుపలక మీద కదలకుండా అంటించి, దాని ఇరుసుకు మెరిసే ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగు తగిలించి, ఏటీపీ అందించారు. పోగు గిరగిరా తిరగడం మైక్రోస్కోపులో కళ్లారా చూశారు. ఈ ప్రయోగానికి ఒక పేజీ ఇచ్చినా తప్పులేదు.

బ్యాక్టీరియాకు నువ్వు రెండే వాక్యాలు కేటాయించావు. అన్యాయం! వాటికి మైటోకాండ్రియా ఉండదు, ఈ పనంతా తమ ఒంటి పొర మీదే చేసుకుంటాయి. అసలు మన మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియానే. ఆక్సిజన్ లేకపోతే కొన్ని బ్యాక్టీరియాలు ఎలక్ట్రాన్‌ను నైట్రేటుకో, సల్ఫేటుకో ఇచ్చేస్తాయి. మురుగు చేరిన చెరువు అడుగు నుంచి వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన సల్ఫేటుతో ఊపిరి తీసుకునే బ్యాక్టీరియాదే. హుస్సేన్‌సాగర్ గట్టున నడిచేవాళ్లకి ఈ వాక్యం ఇట్టే ఎక్కుతుంది. జియోబాక్టర్ అనే బ్యాక్టీరియా అయితే ఎలక్ట్రాన్లను ఒంటి బయటికి పంపి తుప్పు రేణువులకు అందిస్తుంది. నాకు ఎప్పటికీ ఆశ్చర్యం తీరని విషయం ఇది.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చివర్లో ఎక్కడో పెట్టావు. ముందుకు తీసుకురా. భీమవరంలో పుట్టిన ఆయన, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరంలోంచి ఏటీపీని వేరు చేశారు. మనవాడని గర్వంగానే రాయి. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడని పక్కనే రాయి. అలా రాసినంత మాత్రాన సుబ్బారావుగారి గొప్పతనం ఏమీ తగ్గదు.

ముగింపులో ‘ప్రకృతి ఎంత అద్భుతం’ అనే పేరా తీసేసి, బెడాక్విలిన్ గురించి రాయి. మొండి టీబీకి ఇప్పుడు మన దేశంలోనూ ఇస్తున్న మందు అది. 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. టీబీ క్రిమి ఏటీపీ సింథేజ్‌ను పట్టేసి తిరగనివ్వదు. మన ఏటీపీ సింథేజ్ ఉండగా దానిదే ఎందుకు ఎక్కువగా దెబ్బతింటుందో డాక్టర్లను అడిగి తెలుసుకుని రాయి.

తిరగరాసినది సంక్రాంతి లోపు పంపు. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు