మందు మానేసేవాళ్ల మీటింగుకి మొదటిసారి ఎలా వెళ్లాలి?

ఇలాంటి మీటింగులు ఎక్కడ దొరుకుతాయి, వెళ్తే ఏం అడుగుతారు అన్నదే కదా మీ టెన్షన్. ఎక్కువమందికి తెలిసింది ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకునే సంఘం. ఏఏ అంటారు, 1935లో అమెరికాలో మొదలైంది. మీ ప్రాంతంలోని ఏఏ వాళ్ల నంబరు, మీటింగుల వేళలు వాళ్ల వెబ్‌సైట్ ద్వారా తెలుసుకోవచ్చు. ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి.

ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. 'ఓపెన్' మీటింగుకి ఇంట్లోవాళ్లనీ తీసుకెళ్లొచ్చు, 'క్లోజ్డ్' మాత్రం తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పుకుంటారు, మధ్యలో ఎవరూ అడ్డుతగలరు. మీ వంతు వచ్చినప్పుడు "ఈరోజుకి వింటానండి" అనండి, ఎవరూ బలవంతపెట్టరు. ఇంటిపేరు చెప్పక్కర్లేదు. చివర్లో చందా డబ్బా తిప్పితే వేయాలనీ లేదు.

మొదటి గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడండి, ఒక్కోచోట తీరు ఒక్కోలా ఉంటుంది.

ఇది మాత్రం దయచేసి గుర్తుంచుకోండి: రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడమే కాదు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అలాంటివాళ్లు ముందు డాక్టర్‌ని కలవాలి, మీటింగులు దానితోపాటే. కుటుంబ సభ్యుల కోసం అల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయి.