రాత్రి తినేసి తిట్టుకుంటున్నారా? ముందు పొద్దున టిఫిన్ చేయండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు, ఎత్తు 158 సెం.మీ., బరువు 78 కిలోలు. కూకట్‌పల్లిలో ఉంటాం, గచ్చిబౌలిలో జాబ్. రెండో బాబు పుట్టాక లావయ్యా. టిఫిన్ మానేశా, కానీ రాత్రిళ్లు ఆగలేక తినేసి తర్వాత నామీద నాకే అసహ్యం వేస్తోంది. రోజూ బరువు చూసుకుంటున్నా. జిమ్‌కి 3 నెలలకి కట్టి 11 రోజులే వెళ్లా. అద్దం చూడాలన్నా ఇష్టం ఉండట్లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ టిఫిన్ సంగతి చూద్దాం. పొద్దున కాఫీతో సరిపెట్టి, మధ్యాహ్నం ఏదో కాస్త తిని, జేఎన్టీయూ దగ్గర ట్రాఫిక్ దాటుకుని ఇంటికొచ్చేసరికి ఎవరికైనా డబ్బాలో మిక్చరే కనపడుతుంది. కడుపు మాడిస్తే అది రాత్రికి వడ్డీతో సహా వసూలు చేస్తుంది, ఇందులో మీ క్యారెక్టర్‌ని అనుకోవాల్సిందేం లేదు. రెండు పెసరట్లో, ఇడ్లీతో పాటు ఒక గుడ్డో తినండి, సాయంత్రం 5కి గుప్పెడు గుగ్గిళ్లు. అన్నం మానక్కర్లేదు, కూర, పప్పు పెంచి అన్నం తగ్గించండి చాలు. ఆదివారం బిర్యానీ తింటే తినండి, సోమవారం ఉపవాసం మాత్రం వద్దు.

వేయింగ్ మెషీన్ వారానికోసారి చాలు. ఆవకాయన్నం తిన్న మర్నాడు, పీరియడ్స్ ముందు కిలో ఎక్కువ చూపిస్తుంది, అదంతా నీళ్లే. రాత్రికి రాత్రి కిలో కొవ్వు రావాలంటే 7,000 పైన క్యాలరీలు అదనంగా తినాలి, అన్ని బిర్యానీలు ఎవరివల్ల అవుతాయి చెప్పండి!

అలాగని బరువు పర్లేదని అబద్ధం చెప్పను. మీ బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 31, మనవాళ్లకి 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. టేపుతో నడుము కొలవండి, ఆడవాళ్లకి 80 సెం.మీ. దాటకూడదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్), బీపీ చూపించుకోండి, ప్రెగ్నెన్సీలో షుగర్ వచ్చి ఉంటే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. పెళ్లినాటి బరువు వెంట పడొద్దు, 4 కిలోలు తగ్గినా షుగర్, బీపీల్లో తేడా కనిపిస్తుంది.

జిమ్ కుదరకపోతే వదిలేయండి. రోజుకి 30 నిమిషాలు, వారానికి 5 రోజులు, మాట్లాడగలిగేంత కానీ పాట పాడలేనంత స్పీడ్‌లో నడవండి. కేబీఆర్ పార్కే అక్కర్లేదు, మీ కాలనీలో రౌండ్లు చాలు. వారానికి రెండుసార్లు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పదేసి చొప్పున.

మా క్లినిక్‌లో ఒకావిడ మెషీన్‌కి వీపు పెట్టి నిలబడి "నంబర్ నాకు చెప్పకండి" అంది, అప్పట్నుంచి నేను అందర్నీ అడిగే చెప్తున్నా. మీరూ బీరువాలో పట్టని కుర్తీలు పైన అరలో పెట్టేసి, ఇప్పుడు పట్టే సైజువి రెండు కొనుక్కోండి. పెళ్లిళ్లలో "ఏంటే ఇంత లావయ్యావ్" అనే పిన్నిలకి నవ్వి ఊరుకోండి, వాళ్లకి రిపోర్టులు చూపించక్కర్లేదు కదా.

టిఫిన్ మొదలుపెట్టాక కూడా వారంలో ఒకట్రెండుసార్లు ఆపుకోవడం మన చేతిలో లేనట్టు తినేయడం, దాచుకుని తినడం, కక్కేయడం ఉంటే అది వేరే జబ్బు, దానికి మందులూ కౌన్సెలింగూ ఉన్నాయి. సైకియాట్రిస్ట్‌ని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీయే, తెలుగులోనే మాట్లాడొచ్చు.