ముందు మీ ఊరి ఫలకం చదవండి

చిరంజీవి కార్తీక్‌కు అత్తయ్య ఆశీస్సులు.

పిల్లలతో కలిసి మార్మన్ పయనీర్ల, అంటే 1847 నుంచి బళ్ళు కట్టుకుని యూటాకు వలస వచ్చిన మార్మన్ మతస్థుల, గుర్తురాళ్ళు చూడాలని ఉందని రాశావు. మంచి ఆలోచనే. కానీ అప్పుడే వాళ్ళు దాటి వచ్చిన వ్యోమింగ్ మ్యాపు ముందేసుకోకు. యూటాలోని మీ లీహై 1850లో వెలసిన ఊరు. మొదటి శనివారం కారు తియ్యకుండా పాత ఊరి వైపు నడవండి. యూటా ఊళ్ళలో ఇలాంటి ఫలకాలు ఎక్కడుంటాయంటే పాత చర్చి ముందు, బడి ఆవరణలో, సిటీ ఆఫీసు పక్కన, శ్మశానం గేటు దగ్గర, పార్కు మూలన. గులకరాళ్ళతో కట్టిన నడుమెత్తు దిమ్మె, దానికి బిగించిన కంచు పలక కనబడితే అదే అనుకో. రోడ్డుకు వీపు పెట్టి నిలబడ్డవీ ఉంటాయి. కారులోంచి చూసేవాళ్ళకు అవి కనబడవు, అందుకే నడవమంటున్నాను.

పలక దొరకగానే కథ చదవడం మొదలుపెట్టకు. ముందు ఎవరు పెట్టారు, ఏ సంవత్సరం, ఎన్నో నంబరు అనే మూడూ చూడు. యూటాలో ఎక్కువ పలకలు 'డాటర్స్ ఆఫ్ యూటా పయనీర్స్' అనే మహిళా సంఘం పెట్టించినవి. ఆ సంఘం 1901లో పుట్టింది. 'సన్స్ ఆఫ్ యూటా పయనీర్స్' పలకలు వేరు. 1930లలో 'యూటా పయనీర్ ట్రెయిల్స్ అండ్ ల్యాండ్‌మార్క్స్ అసోసియేషన్' పెట్టినవి ఇంకో వరస. ఎవరి నంబర్లు వాళ్ళవే. అందుకని నోటుబుక్కులో 'నంబరు 10' అని ఊరికే రాస్తే ఆరు నెలల తర్వాత అది ఎవరి పదో నీకే తెలియదు. సంఘం పేరు తప్పకుండా జతచెయ్యి.

పలక మీద సంఘటన తేదీ ఒకటి, పలక పెట్టిన తేదీ ఒకటి ఉంటాయి. రెండోదే నీకు ఎక్కువ పనికొస్తుంది. 1847 సంగతిని 1930లలో రాసినవాళ్ళు చూసి రాయలేదు, మనవలుగా విన్నది రాశారు. తేదీలు తేడాగా కనబడ్డా వెంటనే తప్పనుకోకు. మొదటి బృందంలో ముందు నడిచిన ఆర్సన్ ప్రాట్, ఎరాస్టస్ స్నో 1847 జూలై 21న సాల్ట్ లేక్ లోయలో అడుగుపెట్టారు. బళ్ళలో చాలా భాగం 22న దిగాయి. జ్వరంతో వెనకబడ్డ వాళ్ళ నాయకుడు బ్రిగమ్ యంగ్ 24న చేరాడు. రాష్ట్రం సెలవిచ్చేది ఆ 24కే. మూడు పలకల మీద మూడు తేదీలున్నా మూడూ నిజమే కావచ్చు. ఇక 'ఇదే సరైన చోటు' అని యంగ్ అన్నాడన్న మాట ఆయనతో వచ్చిన విల్ఫర్డ్ వుడ్రఫ్ 1880 ప్రసంగంలో చెప్పింది. ఆ రోజు వుడ్రఫ్ రాసుకున్న డైరీలో అది లేదు. ఎమిగ్రేషన్ క్యాన్యన్ మొగదలలో ఉన్న పెద్ద స్మారకం 1947లో ఆవిష్కరించింది, చెక్కిన మహోన్రి యంగ్ బ్రిగమ్ యంగ్ మనవడు. ఇవన్నీ మనసులో పెట్టుకుని చూస్తే ఆ బొమ్మలు ఇంకా బాగా అర్థమవుతాయి.

ఫోటో సంగతి. మిట్టమధ్యాహ్నం కంచు మెరిసి అక్షరాలు మాయమవుతాయి, పైగా నీ నీడే పలక మీద పడుతుంది. పొద్దున్నే వెళ్ళు, లేదా మబ్బు పట్టినప్పుడు వెళ్ళు. అక్షరాలు అరిగి ఉంటే సాయంత్రం వెలుగు తగ్గాక ఫోను టార్చిని పలకకు దాదాపు ఆనించి, పక్కనుంచి వెయ్యి. నీడలు పడి అక్షరాలు లేస్తాయి. ఒక ఫోటో పలకది, ఒకటి దిమ్మె మొత్తం, ఒకటి వెనక కొండో భవనమో కనబడేలా దూరం నుంచి. ఆ మూడోదాన్ని అందరూ మానేస్తారు. రేపు రోడ్డు వెడల్పు చేసి దిమ్మెను జరిపితే పాత చోటుకు ఆధారం అదే. అక్షరాలు తేలాలని సుద్దపొడి, పిండి, షేవింగ్ క్రీము రుద్దేవాళ్ళున్నారు. ఒద్దు. ఇనప బ్రష్షు అసలే ఒద్దు, కంచు మీది పైపూత పోతుంది, మెత్తటి రాయి పొడి రాలుతుంది.

జీపీఎస్ అంకెలు దిమ్మె పక్కన ఒక నిమిషం కదలకుండా నిలబడి తీసుకో. దశాంశ బిందువు తర్వాత అయిదు అంకెలు చాలు, అది సుమారు ఒక మీటరు. రేఖాంశం ముందు మైనస్ గుర్తు మరిచిపోతే మీ లీహై చైనాలోని ఇన్నర్ మంగోలియాలో తేలుతుంది. వెతకడానికి 'హిస్టారికల్ మార్కర్ డేటాబేస్' బాగుంటుంది, ఉన్న చోటికి దగ్గరగా ఏమున్నాయో చూపిస్తుంది. కానీ అందులో పెట్టినవాళ్ళూ మనలాంటివాళ్ళే. అంకెలు రోడ్డుకు అవతలి వైపు చూపిస్తే ఆశ్చర్యపోకు. పలక మీద 'ఇక్కడికి దగ్గర్లో' అని ఉంటే ఆ దగ్గర మైలు దూరం కూడా కావచ్చు.

రెండోసారికి కారు తీయండి. వేసవిలో ఐ-80 మీద తూర్పుకు వెళ్ళి, ఎకో దగ్గర ఐ-84 అందుకుని హెనిఫర్‌లో దిగండి. అక్కణ్ణుంచి 65వ నంబరు రాష్ట్ర రహదారి మీద ఈస్ట్ క్యాన్యన్, బిగ్ మౌంటెన్ దాటి, తర్వాత ఎమిగ్రేషన్ క్యాన్యన్ రోడ్డుకు మళ్ళి లిటిల్ మౌంటెన్ మీదుగా సాల్ట్ లేక్‌కు రండి. బళ్ళు వచ్చిన దిక్కునే రావాలి. ఎదురు దిక్కున వెళ్తే బిగ్ మౌంటెన్ మీద లోయ మొదటిసారి కనబడే చోటు నీ వీపు వెనక పడుతుంది. ఆ కనుమ 7,400 అడుగుల పైన ఉంది, చలికాలమంతా గేట్లు వేసేస్తారు, వసంతంలో కూడా ముందు రోడ్ల శాఖ సమాచారం చూసుకుని బయల్దేరు. నడిచే ఓపికుంటే మార్మన్ ఫ్లాట్ నుంచి కనుమ దాకా బళ్ళు ఎక్కిన దారే కాలిబాటగా ఉంది, ఒకవైపుకే నాలుగు మైళ్ళకు పైన. పిల్లలను పైన దింపి కిందకి నడిపించు. ఈ దారిని ముందు కొట్టింది మార్మన్లు కాదు, 1846లో కాలిఫోర్నియాకు వెళ్తున్న డోనర్ వలస బృందం. కింద డోనర్ హిల్ దగ్గర పలక ఆ సంగతే చెబుతుంది.

దారిలో పిల్లలకు ఒక లెక్క ఇవ్వు. 1847లో మొదటి బృందంతో వచ్చిన విలియం క్లేటన్ బండి చక్రానికి గుడ్డ కట్టి, ఎన్ని చుట్లు తిరిగిందో రోజంతా లెక్కపెట్టేవాడు. చక్రం చుట్టుకొలత 14 అడుగుల 8 అంగుళాలు, 360 చుట్లకు సరిగ్గా ఒక మైలు. ఆ విసుగులోంచే చక్రాలు లెక్కపెట్టే చెక్క యంత్రం పుట్టింది. మీ పాప సైకిలు చక్రం కొలిచి మైలుకు ఎన్ని చుట్లో తేల్చమను.

వ్యోమింగ్ ఒక రోజులో పోయి వచ్చే దూరం కాదు. 1856 మంచులో చిక్కుకున్న విల్లీ, మార్టిన్ అనే, చేతిబళ్ళు లాగుకుంటూ వచ్చిన మార్మన్ బృందాల్లో 200 మందికి పైగా చనిపోయారు. మార్టిన్స్ కోవ్, డెవిల్స్ గేట్, ఇండిపెండెన్స్ రాక్ మూడూ 220వ రహదారి మీదే దగ్గరదగ్గరగా ఉన్నాయి. రాలిన్స్‌లో ట్యాంకు నింపుకో, మ్యాపులు ముందే ఫోనులోకి దింపుకో, కాగితం మ్యాపు కూడా పెట్టుకో. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తక్కువ కాకూడదు. పశువుల గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచు, మూసి ఉంటే మళ్ళీ మూసెయ్యి. రాకీ రిడ్జ్ వైపు మట్టి దారి ఎత్తైన బండికే, అదీ వాన లేనప్పుడే. జాతీయ పార్కుల శాఖ నెబ్రాస్కా, వ్యోమింగ్, యూటాలకు విడివిడిగా ఉచిత దారి పుస్తకాలు ఇస్తుంది, అవి దింపుకుంటే చాలు.

ఇంతదూరం వెళ్ళకుండానే హోలీకి స్పానిష్ ఫోర్క్ రాధాకృష్ణ ఆలయానికి వెళ్తారుగా, ఆ ఊళ్ళోనే దీపస్తంభం ఆకారంలో 1938 నాటి ఐస్‌లాండ్ వలసదారుల స్మారకం ఉంది. కాలిఫోర్నియాలో, ఫోల్సమ్‌లో మనవాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు మార్మన్ ఐలాండ్ శ్మశానం చూడు. 1848లో మార్మన్ బెటాలియన్ సైనికులు బంగారం తీసిన ఊరు ఫోల్సమ్ చెరువులో మునిగింది, సమాధులను గట్టుకు మార్చారు.

పలక చెప్పనిదాన్ని కూడా రాసుకో. ఐడహోలో ప్రెస్టన్ దగ్గర 1863లో సైన్యం షోషోనీ అనే స్థానిక తెగవాళ్ళను ఊచకోత కోసిన చోట 1932లో పెట్టిన పలక దాన్ని యుద్ధమంది. 1990లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించినప్పుడు ఊచకోత అనే రాశారు. సాల్ట్ లేక్ నడిబొడ్డున బ్రిగమ్ యంగ్ స్మారకం మీద 1847 మొదటి బృందం జాబితా ఉంది. అందులో గ్రీన్ ఫ్లేక్, హార్క్ లే, ఆస్కర్ క్రాస్బీల పేర్లు విడిగా, నల్లజాతి సేవకులుగా వేశారు. వాళ్ళు బానిసలు. 2022లో 'దిస్ ఈజ్ ద ప్లేస్' పార్కులో నల్లజాతి పయనీర్లకు వేరే స్మారకం పెట్టారు. రెండూ ఒకే రోజు చూపించు, పిల్లలు తమంతట తామే ప్రశ్నలు అడుగుతారు.

ఎప్పుడైనా దిమ్మె ఉండి పలక లేకుండా నాలుగు బోల్టు కన్నాలే కనబడితే తిరిగి వచ్చెయ్యకు. కంచు కోసం పీకేసి ఉండొచ్చు, మరమ్మతుకి తీసుకెళ్ళి ఉండొచ్చు. ఖాళీ దిమ్మె ఫోటో, అంకెలు, తేదీ సిటీ ఆఫీసుకూ పలక పెట్టిన సంఘానికీ పంపు. ఎన్నాళ్ళ క్రితం దాకా ఉందో చెప్పగలిగిన ఫోటో పాత డేటాబేస్‌లో దొరికితే దాన్ని కూడా జతచెయ్యి.

మీ
అత్తయ్య