ఆ రాజు తల పియర్ పండులా ఎందుకుందంటే

మీ పాత ఫ్రెంచి అచ్చుబొమ్మలో రాజు తల పియర్ పండులా ఉంది, చిత్రకారుడికి గీయడం రాలేదేమో అన్నారు. కాదండీ, అదే అసలు ఎత్తిపొడుపు! ఆయన ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్. నుదురు సన్నం, బుగ్గలు జారి వెడల్పు.

1831లో రాజును అవమానించాడన్న కేసులో పత్రికాధిపతి షార్ల్ ఫిలిపోన్ వరుసగా నాలుగు బొమ్మలు గీసి వాదించాడు: మొదటిది రాజు, నాలుగోది అచ్చంగా పండు. పోలికే నేరమైతే పియర్ పండ్లన్నీ దోషులే కదా అని. ఆరు నెలల జైలుశిక్ష తప్పలేదనుకోండి. పండు మాత్రం పారిస్ గోడలకెక్కింది. ఫ్రెంచి వాడుకలో ఆ పండు పేరుకు వెర్రిబాగులవాడన్న అర్థం కూడా ఉంది.

1835 సెప్టెంబరు చట్టాలు బొమ్మలకు మళ్లీ ముందస్తు సెన్సారు పెట్టాయి. కాబట్టి మీది బహుశా అంతకుముందుదే. కింది మూలల్లో సంతకం వెతకండి, ‘హెచ్. డి.’ అని ఉంటే ఆనాటి వ్యంగ్య చిత్రకారుడు ఒనొరే దోమియే గీసినది కావచ్చు.