సమాధానం: తెలంగాణ జిల్లాల జనసాంద్రత మ్యాప్‌లో హైదరాబాద్ ఒక్కటే ముదురుగా, మిగతావన్నీ తెల్లగా వస్తున్నాయంటే

మీ డేటాలో తప్పేం లేదండీ. మ్యాప్‌లు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో మీరు పెట్టిన ఈక్వల్ ఇంటర్వల్‌తోనే, అంటే అంకెల్ని సమాన దూరాలుగా కోసి రంగులిచ్చే పద్ధతితోనే వచ్చింది తంటా. 2011 లెక్కల్లో హైదరాబాద్ జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 18 వేల పైమాటే. ఆ తర్వాతిదైన రంగారెడ్డిది 700 చిల్లర, ఆదిలాబాద్‌ది 170. ఆ మధ్య దూరాన్ని అయిదు ముక్కలు చేస్తే మొదటి ముక్కే దాదాపు 3,800 దాకా పోతుంది. తొమ్మిది జిల్లాలూ అందులోనే పడిపోతాయి!

లేయర్ సెట్టింగుల్లో సింబాలజీ, గ్రాడ్యుయేటెడ్‌లోకి వెళ్లి మోడ్‌ను ఈక్వల్ కౌంట్‌కు (ఒక్కో రంగుకు సమాన సంఖ్యలో జిల్లాలు) మార్చొచ్చు గానీ, అప్పుడు రంగారెడ్డి, హైదరాబాద్ ఒకే రంగులో కలిసిపోతాయి. నేనైతే ఒక్కో రంగుకు చూపే అంకెల హద్దుల మీద డబుల్ క్లిక్ చేసి 200, 250, 300, 1000 అని చేత్తోనే కొడతాను.

అన్నట్టు, మీ షేప్‌ఫైల్ (జిల్లాల సరిహద్దులుండే ఫైలు) పాత పది జిల్లాలదేగా? 33 జిల్లాలదైతే ఈ అంకెలు అతకవు.