హెచ్ఐవీ మొగ్గ మెడను తెంపేదెవరు?

నల్లగొండలో ఇంటర్ బైపీసీ చదివే తమ్ముడు అడిగిండు: "అన్నా, హెచ్ఐవీ కణం పొరను కప్పుకొని మొగ్గలెక్క బయటికొస్తది. మరి ఆ మొగ్గను కణానికి కలిపే సన్నని మెడను తెంపేదెవరు?"

మన కణమే. చాలామంది వైరస్సే తెంపుకుంటుందనుకుంటారు, అందుకే ఈ ప్రశ్న నాకు నచ్చింది.

ఎస్కార్ట్ అనే ప్రొటీన్ బృందాలు కణ విభజన చివర్లో పిల్ల కణాలను విడదీస్తాయి, పొరకు చిల్లు పడితే పూడుస్తాయి. హెచ్ఐవీలోని గ్యాగ్ ప్రొటీన్ టీఎస్‌జీ101 అనే ఎస్కార్ట్ ప్రొటీన్‌ను పట్టుకొని వాటిని రప్పించుకుంటుందని 2001లో తేలింది. అప్పుడు ఎస్కార్ట్-3 ప్రొటీన్లు మెడ లోపల పోగులుగా చుట్టుకుంటాయి. వడ్ల బస్తా మూతిని మనం బయట తాడేసి బిగిస్తాం. ఇక్కడ బిగింపు లోపలి నుంచి! వీపీఎస్4 అనే ఎంజైమ్ కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుచేసి ఆ పోగులను విప్పుతూ మారుస్తుంటే మెడ సన్నబడి తెగుతుంది. వీపీఎస్4ను పనిచేయనీయకపోతే వైరస్‌లు పొరకే వేలాడతాయి.

ఫ్లూ వైరస్ దారి వేరు, మెడ తెంపడానికి దానికి సొంత ఎం2 ప్రొటీన్ ఉంది.